వంశవృక్షమున లేని తల్లి

వంశవృక్షమును గీయువాడు సామాన్యముగా తండ్రి పేరుతో మొదలుపెట్టును. తండ్రికి పైన తాత, తాతకు పైన ముత్తాత. ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క పురుషుని పేరు. తల్లుల పేర్లు ఆ చెట్టు కొమ్మలకు ప్రక్కగా, ఉండియు లేనట్లుగా ఉండును. ప్రవర చెప్పుకొను వటువు ఋషుల పేర్లు వల్లించును గాని ఋషిపత్నుల పేర్లు వల్లింపడు. శ్రాద్ధకాలమున మాత్రము తల్లికి, నాయనమ్మకు, నాయనమ్మ అత్తగారికి కూడ నువ్వులు, నీళ్లు విడువవలసి యుండును. అప్పుడు పురోహితుడు ఆ మూడవ పేరడుగగా, నోట మాట రాక, ఇంటిలోని వృద్ధస్త్రీ వంక చూడని గృహస్థుడు అరుదు. ఆ పేరు ఆమెకు తెలిసియున్న సరి. ఆమెయు లేని ఇంట ఆ పేరును లేదు.

ఇంగ్లండు దేశమునందును ఈ రీతి ఇంచుమించుగా ఇట్టిదే. అక్కడి గృహస్థుడు కుటుంబపు బైబిలు మొదటి పుటలలో జనన మరణములను వ్రాసికొనును. ఊరి చర్చిలోని రిజిస్టరు జ్ఞానస్నానములను, వివాహములను, ఖననములను నమోదు చేయును. ఆ పుస్తకములను వరుసగా త్రిప్పినచో రెండు మూడు శతాబ్దముల వంశచరిత్ర చేతికందును. కాని ఆ వరుసలో హిందూదేశము అడ్డము వచ్చినచోట పలుమారు దారి తెగును. పదునెనిమిదవ శతాబ్ది తుదిలో కంపెనీ కొలువునకు వచ్చిన పూర్వికుని పేరు కనబడును. అతని బిడ్డల పేర్లు కనబడును. ఆ బిడ్డల తల్లి యెవరో కనబడదు. తన పూర్వికుని వెదకుకొనుచు అంతదూరము వచ్చిన వారసుడు అక్కడ ఆగి, పత్రములోని ఆ ఖాళీ వంక చూచుచు నిలుచును.

ఆ ఖాళీలో ఎవరుండిరో తెలిసికొనుట ఎంత కష్టమో, తెలిసిన పిదప వంశమను మాటకే అర్థమెట్లు మారునో చూపుటకు హైదరాబాదు నగరమున జరిగిన ఒక కుటుంబ కథ చాలును.

హైదరాబాదులో మూసీనదికి ఉత్తరపు వైపున, ఎత్తైన స్తంభముల మండపముతో, మెట్లకిరుప్రక్కల సింహపు ప్రతిమలతో ఒక గొప్ప మేడ కలదు. ఆ ప్రాంతమునకు కోఠీ యను పేరు ఆ మేడ వలననే వచ్చెనందురు. నిజాము దర్బారునందు ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా నుండు రెసిడెంటు నివాసమునకై అది 1803వ సంవత్సరమున ప్రారంభింపబడెను. మదరాసు ఇంజనీర్ల దళమునకు చెందిన శామ్యూల్ రస్సెల్ దానిని నిర్మించెను. దానిని కట్టించిన రెసిడెంటు పేరు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్.

కిర్క్‌పాట్రిక్ 1764లో మదరాసున పుట్టెను. తండ్రి కంపెనీ సైన్యమున అధికారి. అన్న విలియం హైదరాబాదున రెసిడెంటుగా నుండి, ఆరోగ్యము చెడి తొలగగా, 1798లో ఆ పదవి తమ్మునికి దక్కెను. ఆ యేడే నిజాముతో సంధి కుదిరి, ఫ్రెంచి సేనాని రేమండు కూర్చి పెంచిన సైన్యము నిరాయుధమయ్యెను. అప్పటికి రేమండు మరణించి కొన్ని నెలలే అయియుండెను. 1800లో జరిగిన మరియొక సంధితో హైదరాబాదు రాజ్యము కంపెనీ రక్షణ క్రిందికి వచ్చెను. ఇట్టి కార్యములు సాధించిన వాడగుటచే కిర్క్‌పాట్రిక్ కంపెనీ ప్రభువులకు కావలసిన మనిషి. కాని అతడు ఇంటిలో హైదరాబాదు ఉమరావుల వలె దుస్తులు ధరించెడివాడు. పారసీక, హిందుస్తానీ భాషలు చక్కగా మాటాడెడివాడు. నగరపు మర్యాదలు ఎరిగినవాడు. నిజాము అతనికి హష్మత్ జంగ్ అను బిరుదమిచ్చెను. హైదరాబాదు ప్రజలకు అతడు ఆ పేరుతోనే తెలియును.

వంశమును వెదకువానికి మొదటి చిక్కు ఇచటనే ఎదురగును. ఒకే మనిషికి రెండు పేర్లు. ఆంగ్ల పత్రములలో అతడు కిర్క్‌పాట్రిక్. పారసీక గ్రంథములలో హష్మత్ జంగ్. ఒక పేరు మాత్రమే ఎరిగినవానికి రెండవ భాషలోని సాక్ష్యమంతయు, కన్నుల యెదుట నున్నను, కనబడదు.

నిజాము పక్షమున ఆంగ్ల సహాయక సైన్యమునకు బక్షీగా నుండిన బాకర్ అలీ ఖాన్ అను వృద్ధ ప్రభువునకు ఖైరున్నిసా యను మనుమరాలు కలదు. బాకర్ అలీ కుమార్తె షరఫున్నిసా వితంతువై, తన బిడ్డలతో తండ్రి యింటనే ఉండెడిది. వారు ఇరాను దేశము నుండి వచ్చిన కుటుంబమువారు. దర్బారున ప్రసిద్ధుడైన మీర్ ఆలమునకు బంధువులు. 1798 చివర ఖైరున్నిసా అక్క వివాహ సందర్భమున ఆమెయు కిర్క్‌పాట్రిక్కును ఒకరినొకరు చూచుట తటస్థించెను. అప్పుడామెకు పదునాలుగేండ్లకు మించిన వయసు లేదని చరిత్రకారుల ఊహ. అతనికి ముప్పది నాలుగేండ్లు. ఆమెకు వేరొక సంబంధము నిశ్చయమై యుండెను. దానిని ఆమె ఒల్లలేదు. తరువాత కిర్క్‌పాట్రిక్ ఇస్లాము మతాచారము ననుసరించి ఆమెను రహస్యముగా వివాహమాడెను.

ఈ వార్త కలకత్తా చేరగా గవర్నరు జనరల్ వెల్లస్లీ ఆగ్రహించెను. రెసిడెంటు ఒక ప్రభుకుటుంబపు కన్యను చెరిచెనని కొందరనిరి. కాదు, దర్బారువారే ఆ కన్యను ఎరవేసి రెసిడెంటును తమవానిగా చేసికొనిరని మరికొందరనిరి. 1801లో మదరాసు గవర్నరు లార్డ్ క్లైవు హైదరాబాదు నుండి వచ్చిన సైనికాధికారులను పిలిపించి, ప్రమాణము చేయించి, రహస్యముగా విచారించెను. ఆ విచారణ పత్రములు నిలిచియున్నవి. ఒక యువతి మనసులోని మాటను గూర్చి పెద్ద పెద్ద అధికారులు సాక్ష్యమిచ్చిరి. ఆ యువతిని మాత్రము ఎవ్వరును అడుగలేదు. కిర్క్‌పాట్రిక్ పదవి నిలిచెను. అతడు తన బేగమునకై రెసిడెన్సీ తోటలో రంగమహలను అంతఃపురమును కట్టించెను. పరదా విడిచి రాని ఆమె పెద్ద మేడ ముందరి భాగమును చూడలేదు గనుక, ఆ మేడకొక చిన్న నమూనాను తోటలో కట్టించి చూపెనని నగరమున చెప్పుకొందురు.

1801 మార్చిలో వారికి కుమారుడు పుట్టెను. మీర్ గులాం అలీ అని పేరిడిరి. ముద్దుగా సాహిబ్ ఆలం అని పిలిచిరి. మరుసటి యేడు ఏప్రిలులో కుమార్తె పుట్టెను. ఆమె పేరు నూరున్నిసా, సాహిబ్ బేగం. వారు మాటలు నేర్చినది అమ్మమ్మ ఒడిలో; పెరిగినది రంగమహలున.

అట్టి బిడ్డల భవిష్యత్తు ఆ దినములలో చిక్కులతో కూడియుండెను. అంతకు కొంతకాలము క్రిందటి వరకు కంపెనీ ఉద్యోగులు హిందూదేశపు స్త్రీలతో కాపురము చేయుట ఎవ్వరికిని వింతగా తోచెడిది కాదు. వంగదేశమున వారు వ్రాసిపోయిన వీలునామాలను చరిత్రకారులు లెక్కించి చూచిరి. 1780 మొదలు 1785 వరకు వ్రాయబడిన వానిలో మూడింట ఒకటి ఇచటి స్త్రీ పేరును ఎత్తుచున్నది. 1805 మొదలు 1810 వరకు అది నాల్గింట ఒకటి; 1830 నాటికి ఆరింట ఒకటి; ఆ శతాబ్ది నడిమికి వచ్చునప్పటికి ఆ పేర్లు దాదాపుగా మాయమయ్యెను. పేర్లు మాయమైనంత మాత్రమున స్త్రీలు లేకపోలేదు. చెప్పుకొను ధైర్యము లేకపోయెను. 1791లో కంపెనీవారు ఒక ఉత్తరువు చేసిరి. తల్లిదండ్రులలో ఒకరు ఈ దేశమువారైనచో అట్టి బిడ్డకు కంపెనీ సివిలు కొలువుగాని, సైన్యమున గాని, నౌకలలో గాని పదవి దొరకరాదు. ఇక తండ్రికి మిగిలిన దారి ఏది? బిడ్డను ఇంగ్లండునకు పంపి, అక్కడివానిగా పెంచుట. అందుకు మొదట మార్చవలసినది పేరు. తరువాత మరపింపవలసినది తల్లి.

కిర్క్‌పాట్రిక్ ప్రేమలేని తండ్రి కాడు. ఆ ప్రేమయే బిడ్డలను ఓడ ఎక్కించెను. తల్లియు, అమ్మమ్మయు ఇష్టములేకయే ఒప్పుకొనిరి. 1805లో నాలుగేండ్ల బాలుని, మూడేండ్ల బాలికను మదరాసునకు పంపిరి. అక్కడ జార్జి చిన్నరీ యను ఆంగ్ల చిత్రకారుడు వారి రూపములను పెద్ద చిత్రముగా వ్రాసెను. హైదరాబాదు దర్బారు దుస్తులతో, తలపై టోపీలతో అన్నయు చెల్లెలును ప్రక్క ప్రక్కన నిలిచిన చిత్రమది. అది పూర్తియైన కొలది దినములకే, సెప్టెంబరు మాసమున, ఒక కంపెనీ వైద్యుని భార్య వెంట బిడ్డలు ఓడ ఎక్కిరి. ఇంగ్లండున తాతగారి సంరక్షణకు వచ్చిరి. 1806 మార్చి 25వ తేదీన లండనులోని మారిలబోన్ ప్రాంతపు సెంట్ మేరీ చర్చిలో వారికి జ్ఞానస్నానము జరిగెను. సాహిబ్ ఆలం విలియం జార్జి కిర్క్‌పాట్రిక్ అయ్యెను. సాహిబ్ బేగం కేథరిన్ అరోరా కిర్క్‌పాట్రిక్ అయ్యెను. ఇంటివారు కిట్టీ అనిరి. రెండు కొత్త పేర్లతో వారికొక కొత్త వంశము ప్రారంభమయ్యెను. ఆ వంశమున తల్లి లేదు.

ఇందులోని వింతను గమనింపవలయును. ఖైరున్నిసా సయ్యదుల ఇంట పుట్టినది. సయ్యదులు తమను ప్రవక్త సంతతిగా చెప్పుకొందురు. ప్రవక్తకు వంశము నిలిచినది కుమారుల వలన గాదు. కుమార్తె ఫాతిమా వలన. స్త్రీ ద్వారా ప్రవహించి పన్నెండు శతాబ్దములుగా తన్ను తాను గుర్తుంచుకొనుచున్న వంశమది. అట్టి వంశపు బిడ్డ తన బిడ్డల జాబితాలో తానే లేకపోయెను. వంశగౌరవము మాటకు వచ్చినచో, హైదరాబాదు ప్రభువుల లెక్కన, ఆ సంబంధమున తగ్గి వచ్చినది వధువు కాదు, వరుడు.

బిడ్డలు ఓడ ఎక్కిన కొలది దినములకే కిర్క్‌పాట్రిక్ రాజకార్యముపై కలకత్తా చేరెను. అతడు అప్పటికే వ్యాధిగ్రస్తుడు. 1805 అక్టోబరు 15న అతడక్కడ మరణించెను. ఖైరున్నిసాకు నాలుగైదు వారములలో బిడ్డలును, భర్తయు దూరమైరి. మరుసటి యేడు ఆమె భర్త సమాధిని చూచుటకై తల్లితో కూడ కలకత్తాకు బయలుదేరెను. కిర్క్‌పాట్రిక్ వద్ద కార్యదర్శిగా నుండిన హెన్రీ రస్సెల్ అను యువకుడు అక్కడ ఆమెకు ఆసరాగా నిలిచెను. ఆ ఆసరా ప్రణయముగా మారెను. ఈ సంగతి తెలిసి, అప్పటికి దివానైయున్న మీర్ ఆలం ఆమె హైదరాబాదునకు తిరిగి రారాదని కట్టడి చేసెను.

తల్లియు కూతురును తెలుగుదేశపు తీరమున మచిలీపట్టణమున నిలిచిపోవలసి వచ్చెను. 1611 నుండి కంపెనీ వ్యాపారస్థానమై, ఒకప్పుడు సముద్రవ్యాపారమున పేరుగన్న ఆ రేవు అప్పటికి కళ తగ్గియుండెను. రస్సెల్ ఆమె నక్కడ ఉంచి మదరాసునకు పోయి, 1808లో వేరొక యువతిని వివాహమాడెను. ఎదుట సముద్రము, ఆ సముద్రమునకు ఆవల బిడ్డలు, వెనుక నిషిద్ధమైన పుట్టినిల్లు. మీర్ ఆలం మరణించిన పిదప గాని ఆమెకు హైదరాబాదు చేరు వీలు కలుగలేదు. 1813 సెప్టెంబరు 22న ఆమె హైదరాబాదులో కన్నుమూసెను. అప్పటికామెకు ముప్పది యేండ్లయినను నిండలేదు. బిడ్డలను ఆమె మరల చూడలేదు. తల్లికిని బిడ్డలకును నడుమ ఉత్తరములును నడువలేదు.

ఇంగ్లండున అన్నాచెల్లెండ్రు తండ్రి బంధువుల నడుమ పెరిగిరి. 1812లో విలియం జార్జి మరుగునీటి కాగులో పడి వికలాంగుడయ్యెను. అతడు వివాహమాడి, కుమార్తెలను కని, 1828లో చిన్న వయసుననే గతించెను. కిట్టీ అందగత్తె, స్నేహశీల. పెదతండ్రి విలియం కుమార్తెలు బుల్లర్, స్ట్రేచీ కుటుంబములలో మెట్టియుండిరి. వారి ఇండ్లలో ఆమె మసలెడిది. బుల్లర్ ఇంటి పిల్లలకు చదువు చెప్పుటకు వచ్చిన టామస్ కార్లైల్ 1824లో ఆమెను చూచెను. ఆ యేడే అతడు ఆమెతోను, స్ట్రేచీతోను కూడి పారిసు నగరమునకు పోయి వచ్చెను. కార్లైల్ తరువాత వ్రాసిన 'సార్టర్ రిసార్టస్' అను గ్రంథములో బ్లూమిన్ అను నాయిక కిట్టీ ఛాయయే యని కొందరందురు. మరియొక స్త్రీ పేరు చెప్పువారును కలరు. అతని మరణానంతరము 1881లో వెలువడిన స్మృతులలో మాత్రము కిట్టీ తన పేరుతోనే కనబడును.

ఈ విధముగా ఆమె ఆంగ్ల సాహిత్యచరిత్రలో చేరెను. ఆ చరిత్రలో ఆమె ఒక సొగసైన ప్రాచ్య ఛాయ; ఒక హైదరాబాదు బేగము కూతురు. ఆ బేగము పేరు ఆ చరిత్రకు అక్కరలేకపోయెను. అక్కర కలిగినది ఒక్క కిట్టీకే.

1829లో కిట్టీ ఫిలిప్స్ అను సైనికాధికారిని వివాహమాడి, ఇంగ్లండు నైరృతి తీరమున టార్కీ పట్టణమున కాపురముండెను. ఆమెయే తల్లి యయ్యెను. 1841లో, ఆమెకు ముప్పది తొమ్మిదేండ్ల వయసున, స్వాలోఫీల్డ్ అను పల్లెలోని ఒక పెద్ద ఇంటికి అతిథిగా పోవుట తటస్థించెను. ఆ యిల్లు హెన్రీ రస్సెల్‌ది. అతడు హైదరాబాదు రెసిడెంటు పదవి కూడ అనుభవించి, 1820లో విరమించి, స్వదేశము చేరియుండెను. ఆ యింటి గోడమీద కిట్టీ ఒక చిత్రము చూచెను: హైదరాబాదు దుస్తులతో ఇరువురు బిడ్డలు. అది చిన్నరీ వ్రాసిన చిత్రమే. ఒకరు చనిపోయిన తన అన్న, ఒకరు తాను. ఆమె దుఃఖము ఆపుకొనలేక ఏడ్చెను. ఆ చిత్రమును తన అనంతరము ఆమెకే చెందునట్లు చేయుదునని రస్సెల్ మాట యిచ్చెను.

ఆ దినములలోనే ఆమెకు మరియొక సంగతి తెలిసెను. హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నిసా ఇంకను బ్రతికి యున్నది.

మూడవయేట విడిచి వచ్చిన అమ్మమ్మకు ముప్పది యారేండ్ల తరువాత మనుమరాలు ఉత్తరము వ్రాసెను. వ్రాయుటకు ఇరువురకును ఉమ్మడి భాష లేదు. అమ్మమ్మ ఒడిలో నేర్చిన మాటలను మనుమరాలు మరచిపోయెను. కిట్టీ ఆంగ్లమున వ్రాసిన ఉత్తరము సముద్రము దాటి హైదరాబాదు రెసిడెన్సీకి వచ్చెను. అక్కడి సహాయకుడు కెప్టెన్ డంకన్ మాల్కం దానిని అనువదించి అందజేసెను. షరఫున్నిసా చెప్పగా వ్రాయబడిన పారసీక ప్రత్యుత్తరము, బంగారు పొడి చల్లిన కాగితముపై, జరీ సంచిలో ముద్రవేయబడి, టార్కీ చేరెను. ఏ రెసిడెన్సీ కిట్టీ తండ్రి కట్టించెనో ఆ రెసిడెన్సీ నడుమనుండి ఆ ఉత్తరములు నడచినవి. రాజ్యవ్యవహారములను అనువదించు కార్యాలయము ఒక ముసలితల్లి కన్నీటిని అనువదించెను.

కిట్టీ అడిగినది ఆస్తి గాదు. తనకు కలలో తరచు తల్లియు, అమ్మమ్మయు, వారు కూర్చుండెడి గదియు కనబడుచుండునని ఆమె వ్రాసెను. తల్లిని గూర్చి తెలుపుమని అడిగెను. షరఫున్నిసా తన కూతురి తలవెండ్రుకల పాయ నొకదానిని మనుమరాలికి పంపెను. తన కూతురి పెండ్లి విధ్యుక్తముగా జరిగెనని ఆమె సాక్ష్యము చెప్పెను. చర్చి రిజిస్టరు చెప్పని మాటను, రహస్య విచారణలో ఎవ్వరును అడుగని మాటను, నలువదేండ్ల తరువాత తల్లి నోట కూతురి కూతురు వినెను. ఆ యింటి వంశవృక్షమున లేని కొమ్మ ఆ విధముగా తిరిగి చిగిర్చెను.

ఆరేండ్లు ఉత్తరములు నడచినవి. 1847లో షరఫున్నిసా మరణించెను. అమ్మమ్మయు మనుమరాలును ఒకరినొకరు చూడలేదు. కిట్టీ 1889లో టార్కీలో మరణించెను. రంగమహలు అంతకు ముందే, 1860లో, కూల్చబడెను. మరియొక కాలపు రెసిడెన్సీవారికి ఆ యంతఃపురపు జ్ఞాపకము రుచింపలేదు. కొలువుకూటము మిగిలెను, కాపురపు ఇల్లు పోయెను. పత్రములలో జరిగినదే రాళ్లకును జరిగెను.

కిట్టీ గతించిన నాలుగేండ్లకు, 1893లో, ఆమె బంధువైన ఎడ్వర్డ్ స్ట్రేచీ ఈ వివాహగాథను 'బ్లాక్‌వుడ్స్' మాసపత్రికలో ప్రకటించెను. అతడు వ్రాసినది ఇంటివారి నోట విన్న కథ. 2002లో విలియం డాల్‌రింపుల్ 'వైట్ మొగల్స్' అను గ్రంథమున ఈ కథను విస్తరించి వ్రాసెను. అతని పరిశోధన మార్గము వంశచరిత్ర వెదకువారందరికిని పాఠము వంటిది. కిర్క్‌పాట్రిక్ తన అన్నకు వ్రాసిన ఉత్తరములు లండనులోని ఇండియా ఆఫీసు పత్రములలో నున్నవి. వానిలో కొన్ని గూఢలిపిలో నున్నవి. రస్సెల్ ఉత్తరములు ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున నున్నవి. ఖైరున్నిసా బంధువు అబ్దుల్ లతీఫ్ షుష్తరీ ఆ దినములలోనే హైదరాబాదున నుండి పారసీకమున తన గ్రంథమును వ్రాసెను. ఒక భాషలోని పత్రము ప్రశ్నగా, రెండవ భాషలోని పత్రము జవాబుగా నిలిచినవి. ఏ ఒక్కటి చదివినను కథ సగమే.

ఇన్ని సాక్ష్యములు ఒకేచోట కూడుట అరుదు. ఖైరున్నిసా ప్రభువంశపు స్త్రీ; ఆమె భర్త ఉత్తరములను దాచదగినంత పెద్ద అధికారి; ఆమె కూతురిని ఒక మహారచయిత చూచెను; ఆమె బిడ్డలను ఒక చిత్రకారుడు వ్రాసెను. ఇన్ని ఉండియు ఆమె స్వయముగా వ్రాసిన ఉత్తరముల రాశి కుటుంబమునకు మిగులలేదు; వెండ్రుకల పాయ ఒకటి చేరెను. ఇక సామాన్య స్త్రీల మాట చెప్పనేల? విలియం కిర్క్‌పాట్రిక్‌కు ధూలారీ బీబీ యను స్త్రీ వలన ఇరువురు బిడ్డలుండిరి. ఒకే కుటుంబము, ఒకే తరము. అయినను ఆమెను గూర్చి మిగిలినది కొద్దియే. ఎందరి విషయమునో పేరుకు బదులు 'స్థానిక స్త్రీ' యను రెండు మాటలే పత్రములలో మిగిలినవి. సిపాయి బీడులలోను, రేవు పట్టణములలోను అట్టి రెండు మాటల క్రింద నిలిచిపోయిన తల్లులను వెదకు వారసులు నేడు ఇంగ్లండునను కలరు, ఆస్ట్రేలియాలోను కలరు, మన దేశమునను కలరు.

వారిలో కొందరు పూర్వికుని పదవిని, బిరుదమును తెలిసికొని తృప్తిపడుదురు. వెదకులాట మొదలైనది గౌరవము కొరకు గనుక గౌరవము దొరికిన చోటనే అది ఆగిపోవును. కిట్టీ వెదకులాట అట్టిది కాదు. తండ్రి వంశమున ఆమెకు లోపమేమియు లేదు; ఆ పేరు, ఆ సంపద, ఆ బంధువులు అన్నియు ఆమెకున్నవి. అవన్నియు తల్లిని మరచుటకు వెలగా ఇయ్యబడినవని ఎరిగి, ఆ వెలను ఆమె అంగీకరింపలేదు. వంశమనగా మనము ఎవరినుండి వచ్చితిమని చెప్పుకొనుట మాత్రమే కాదు. మనకొరకు ఎవరు చెరిపివేయబడిరో గుర్తించుట కూడ. మొదటిది గర్వకారణము, రెండవది ఋణము.

కోఠీలోని మేడ స్వాతంత్ర్యానంతరము కొత్త రూపు దాల్చెను. 1924లో స్థాపింపబడిన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఆ భవనమునకు తరలి వచ్చెను. పరదా చాటుననుండి ఒక యువతి చూడజాలని దర్బారు మందిరమున వేలకొలది బాలికలు చదువుకొనిరి. 2022లో ఆ కళాశాల విశ్వవిద్యాలయమయ్యెను. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టబడెను. ఆమె దొరల ఎదుట నిలిచి తన పొలమును, పంటను కాపాడుకొన్న తెలంగాణ స్త్రీ. ఏ వంశవృక్షపు ఆసరాయు లేక తన పేరును తానే నిలుపుకొన్నది. శిథిలమగుచుండిన మేడయు, తోటలోని చిన్న నమూనాయు బాగుచేయబడినవి.

నేటి విద్యార్థి నింపు దరఖాస్తులలో తండ్రి పేరునకు ఒక గడి, తల్లి పేరునకు ఒక గడి ఉండుట సామాన్యమైనది. బాలిక క్షణమైనను ఆలోచింపక తల్లి పేరు వ్రాయును. ఆ చిన్న గడి 1806లో మారిలబోన్ చర్చి రిజిస్టరున లేకపోయెను. ఆ ఖాళీని పూరించుటకు ఒక కూతురికి ముప్పది యారేండ్లు, ఒక చిత్రపటము, ఒక ముసలి అమ్మమ్మ జ్ఞాపకశక్తి కావలసివచ్చెను.